బొటనవేలి తాళం

నాకు అక్షరాలు వచ్చేసరికి యాభై ఏళ్లు దాటాయి. అంతవరకు నా సంతకం నా ఎడమ బొటనవేలే. రేషన్ కాగితాల మీద, బ్యాంకులో, ఏజెంటు ముందు, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను. పైన ఏం రాసి ఉందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వేలిముద్రగాడు అని నన్ను పిలిచినవాళ్లున్నారు. ఉన్న మాటే కదా, కోపం రాలేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ వేలి గురించే.

ఊర్లో అందరూ నేను దుబాయ్‌లో ఉన్నాననేవాళ్లు. నేనున్నది ఖతార్. రెండూ వేరువేరు దేశాలని మా ఇంట్లోవాళ్లకు కూడా ఏనాడూ నచ్చజెప్పలేకపోయాను. ప్రపంచ కప్పు ఆటలు వస్తున్నాయని దోహా మొత్తం తవ్వి పెట్టిన రోజులవి. ఆటలకు ఇంకా ఏళ్లున్నాయి, అయినా అందరికీ రేపే అన్నట్టు తొందర. ఊరి మధ్యలో ముషైరిబ్ అనేచోట భూమి కింద రైలు స్టేషను కడుతున్నారు. మా కంపెనీకి అందులో నేల పరిచే పని దొరికింది. మోకాళ్లు అరిగినవాణ్నని నన్ను సైట్ ఆఫీసులో చాయ్ డ్యూటీకి వేశారు. కప్పులు కడగడం, చాయ్ పోయడం. చేతులు మెత్తగా, శుభ్రంగా ఉండేవి.

మా గదిలో నా పక్క మంచం టైల్స్ మేస్త్రీది. వాళ్లది మా ఊరికి మూడు ఊళ్ల అవతల. నాకంటే పన్నెండేళ్లు చిన్న. నన్ను పెద్దన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ని. పేరు రాయను. తమ్ముడు అనే రాస్తాను.

తమ్ముడి వేళ్లు పలకల్లా ఉండేవి. సిమెంటు, టైల్స్ సందుల్లో నింపే పొడి, తడి ఇసుక. ఇరవై ఏళ్లుగా వాటిలోనే చేతులు. గేటు దగ్గర హాజరు మిషన్ మీద వేలు పెడితే ఎర్ర లైటు వెలిగేది. మేస్త్రీలందరికీ అంతే. వాళ్ల హాజరు టైంకీపర్ చేతితో రాసుకునేవాడు. నాకు మాత్రం పెట్టీ పెట్టగానే పచ్చ లైటు. తమ్ముడు వెనక నిలబడి, పెద్దన్నకు మిషన్ కూడా సలాం కొడతదిరా అనేవాడు.

శుక్రవారం సెలవు. భోజనాలయ్యాక క్యాంపు బస్సు మమ్మల్ని ఊళ్లోకి తీసుకొచ్చి వదిలేది. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేట సందుల్లో మొబైల్ దుకాణాలుండేవి. మావాళ్లంతా అక్కడికి పోయేది కొనడానికి కాదు, ధర అడగడానికి. ఒక్కో దుకాణంలో దూరి, ఫోన్ చేతిలో పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, కెమెరా ఎంత, బ్యాటరీ ఎంత, ధర ఎంత అని అడిగి పెట్టేసి వచ్చేవాళ్లు. సాయంత్రం బస్సులో దాని మీదే మాటలు. మాకు అదే సినిమా, టికెట్టు లేని సినిమా.

అన్నీ చైనా ఫోన్లే. ఈ నెల ఒక కంపెనీ వెనకాల రెండు కెమెరాలు పెడితే, వచ్చే నెలకు ఇంకో కంపెనీ అదే ధరకు రెండు కెమెరాలూ పెట్టి, వేలు పెడితే తెరుచుకునే తాళమూ పెట్టేది. ఆ పై నెల మూడో కంపెనీ ఈ రెండూ పెట్టి, బ్యాటరీ పెద్దది చేసి, ధర తగ్గించేది. వాళ్ల దేశంలో వాళ్లు కొట్టుకుంటుంటే ఆ దెబ్బలు మా దగ్గర ధరల మీద పడేవి. తమ్ముడికి ఇదంతా నోటికి వచ్చు. బడికి పోయింది ఐదు తరగతులే గానీ ఏ కంపెనీ దాంట్లో ఎంత మెమరీ అంటే టక్కున చెప్పేవాడు. కొనేవాడు కాదు.

"ఆగాలె పెద్దన్నా. వాళ్లు ఇంక గట్టిగ కొట్లాడాలె. అప్పుడు కొందాం."

అలా వేసవంతా ఆగాడు. చలికాలం వచ్చింది. ఫోన్ తన కోసం కాదు, ఊర్లో భార్య కోసం. ఆమె దగ్గర బటన్ల ఫోనే ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా ధర ఎక్కడిదాకా దిగిందో ఆమెకు చెప్పేవాడు. ఆమె కూడా అడిగేది. మొగుడూ పెళ్లాలు పత్తి ధర మాట్లాడుకున్నట్టు ఫోన్ ధర మాట్లాడుకునేవాళ్లు. కెమెరా సంగతి తమ్ముడికి అక్కర్లేదు. మెమరీ ఎంత, అందులో ఎన్ని గంటల మాట పడుతుంది, అదొక్కటే దుకాణంలో అడిగేవాడు.

దానికి కారణముంది. వెనకటికి, మేమిద్దరం వేరువేరు చోట్ల మొదటిసారి గల్ఫ్‌లో ఉన్నప్పుడు, మాటలు క్యాసెట్లో నింపి ఊరికి పోయేవాళ్ల చేత పంపేవాళ్లం. రెండు పక్కలా నింపాలి. సగం క్యాసెట్టు పంపితే ఇంట్లోవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. తమ్ముడికి ఆ అలవాటు పోలేదు. ఫోన్ కొని, దాన్ని మాటలతో నింపి, సెలవుకు పోయినప్పుడు నిండు క్యాసెట్టులా భార్య చేతిలో పెట్టాలని అతని ఆలోచన. ఇప్పుడు మాట క్షణంలో పంపొచ్చు కదా అని క్యాంపు బస్సు డ్రైవరు చాలాసార్లు చెప్పాడు. తమ్ముడు ఒకటే జవాబిచ్చేవాడు. పంపితే బావమరిది కొడుకు ఫోన్‌కు పోతుంది, వాడు గడపలో కూర్చుని పెడతాడు, వాడకట్టంతా వింటుంది. చేత్తో ఇస్తే ఆమె ఒక్కతే వింటుంది.

చివరికి ఒక శుక్రవారం కొన్నాడు. నేనూ పక్కనే ఉన్నాను. దుకాణంలో మలయాళీ అతను వేలి తాళం పెట్టబోయాడు. తమ్ముడి వేలు తీసుకోలేదు. రెండో వేలు తీసుకోలేదు. తుడిచి, ఊది, తడి చేసి, పది వేళ్లూ పెట్టించాడు. ఒక్కటీ తీసుకోలేదు. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. తమ్ముడికి రోషం వచ్చింది. ఆ తాళం ఉందనే కదా ఇన్ని నెలలు ఆగి దీన్ని కొన్నది.

"మా పెద్దన్న ఏలు పెట్టు," అన్నాడు. "సర్కారుకే సరిపోయిన ఏలు, చైనావోనికి సరిపోదా?"

నా ఎడమ బొటనవేలు పెట్టాను. తీసుకుంది. వేలి తాళానికి తోడు ఒక గీత తాళం కూడా పెట్టాలట. తొమ్మిది చుక్కలు వస్తాయి, వాటిని కలుపుతూ ఒక గీత గీయాలి. తమ్ముడు అటు తిరిగి అరచేయి అడ్డం పెట్టుకుని గీశాడు. ఆ గీత ఎవరికీ చూపించలేదు. గదిలో ఆరుగురం, ఎవడైనా తీసి వింటాడని భయం. చేతులు ఖాళీ లేనప్పుడు మాత్రం నన్ను పిలిచేవాడు. పెద్దన్నా, జర దుకాణం తెరువు అనేవాడు. నేను వేలు పెట్టేవాణ్ని, తెరుచుకునేది. నవ్వేవాడు.

శుక్రవారాలు ఇక ఊళ్లోకి రావడం తగ్గించాడు. మధ్యాహ్నం మంచానికి దుప్పటి అడ్డం కట్టుకుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడేవాడు. గంట, గంటన్నర. నేను పక్క మంచం మీదే ఉండేవాణ్ని. వినకూడదని అటు తిరిగి పడుకునేవాణ్ని. నిజం చెప్పాలంటే మర్యాద కోసం కాదు, నిద్ర కోసం. ఎవడి పెళ్లాంతో వాడు మాట్లాడుకునేదాంట్లో నాకేముంది?

తర్వాత పెద్దవాళ్లెవరో చూడ్డానికి వస్తున్నారని స్టేషన్లో తొందర ఎక్కువైంది. చాయ్ డ్యూటీ వాళ్లను, గేటు డ్యూటీ వాళ్లను కూడా క్లీనింగుకు వేశారు. పరిచిన నేల మీద సిమెంటు మరకలు పోవాలంటే యాసిడ్ నీళ్లు పోసి బ్రష్షుతో రుద్దాలి. తొడుగులిచ్చారు. రెండో రోజుకే వేళ్ల దగ్గర చిరిగాయి. కొత్తవి వస్తాయన్నారు. వచ్చాయి, అవీ చిరిగాయి. ఎవర్నీ అనేది లేదు, ఆ పని అలాంటిది. మూడు వారాలకు నా వేళ్ల మీద తోలు తెల్లబడి, పొట్టు లేచి, గాజులా నున్నగా అయింది. గేటు దగ్గర మిషన్ నాక్కూడా ఎర్ర లైటు వేసింది. తమ్ముడు వెనకాలే ఉన్నాడు. ఇగ నువ్వు కూడ మేస్త్రీవైనవు పెద్దన్నా అన్నాడు. ఆ రోజు అంతటితో మరచిపోయాం. ఫోన్ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఆ తర్వాత వారానికి తమ్ముడు పడుకున్నవాడు లేవలేదు. తెల్లారి డ్యూటీకి లేపబోయాను. కాలు పట్టుకుని కదిపితే కాలంతా ఒకేసారి కదిలింది. గుండె ఆగిందని రాశారు. మా క్యాంపులో అలా పోయినవాళ్లలో తమ్ముడు మొదటివాడు కాదు. పోలీసులొచ్చారు, బండి వచ్చింది, తీసుకుపోయారు. మిగతావాళ్లం డ్యూటీకి పోయాం. నేను ఏడవలేదు. ఎందుకు ఏడవలేదంటే చెప్పలేను. ఆ రోజు కూడా నేల రుద్దాను.

ఇంటికి కబురు చెప్పడానికి మాలో ఒక పద్ధతి ఉంది. భార్యకు నేరుగా చెప్పం. ఊర్లో పెద్దమనిషికి చెబితే ఆయన నలుగురితో పోయి చెబుతాడు. అలాగే చేశారు. మధ్యాహ్నానికి ఆమెకు తెలిసింది. సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నా ఫోన్ మోగింది. ఆమే. అంతకుముందు తమ్ముడి పక్కనుంచి రెండు మూడు సార్లు పలకరించాను, అంతే.

"అన్నా, ఆయన ఫోను యాడున్నది?"

"నా దగ్గరనే ఉన్నది చెల్లె." దిండు కింద ఉంటే తీసి జేబులో పెట్టుకున్నాను.

"అండ్ల నాకోసం మాట్లాడి పెట్టిండు. సగం నిండిందని మొన్న చెప్పిండు. నీ ఏలు పెడితే తెరుసుకుంటదట గద."

అవునన్నాను. ఫోన్ పెట్టేశాక, తమ్ముడి ఫోన్ తీసి బొటనవేలు పెట్టాను. ఫోన్ ఒకసారి వణికి ఊరుకుంది. మళ్లీ పెట్టాను. మళ్లీ వణికింది. అప్పుడు గుర్తొచ్చింది నా వేలు ఏమైందో.

బస్సు డ్రైవర్ని పిలిచాను. అతనిది హైదరాబాద్, ముస్లిం. ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడతాడు, తెలుగు చదువుతాడు కూడా. నన్ను చాచా అనేవాడు. ఫోన్ల సంగతి మాకెవరికేం కావాలన్నా అతనే. నా వేలు లైటు కింద పెట్టి చూశాడు. ఇక పెట్టొద్దన్నాడు. తప్పు వేలు పెడుతూ పోతే ఫోన్ అలిగి ఇక వేలే తీసుకోదన్నాడు. తర్వాత అసలు మాట చెప్పాడు.

"ఇది బంద్ గానియ్యకు చాచా. ఛార్జి అయిపోయి బంద్ అయితే, మల్ల చాలూ చేసినప్పుడు ఏలు తీస్కోదు. గీత అడుగుతది. గీత ఆయనతోనే పోయింది. కొన్ని ఫోన్లు ఊకె ఊకె గీత అడుగుతయి, ఇది అడగదు. బంద్ గాకుండ ఉన్నన్ని రోజులు నీ ఏలు చాలు."

దుకాణంలో తెరిపించలేమా అని అడిగాను. తెరుస్తారు, కానీ లోపలున్నదంతా తుడిచి తెరుస్తారన్నాడు. నా వేలు మళ్లీ మామూలవుతుందా అని అడిగాను. యాసిడ్‌కు దూరంగా ఉంటే నెల, నెలన్నరలో తోలు కొత్తగా వస్తుందన్నాడు. అతని అన్న ఒకడు తాపీ పని మానేశాక మళ్లీ వేలిముద్రలు వచ్చాయట.

తమ్ముణ్ని ఉంచిన పెట్టె రెండు రోజుల్లో ఊరికి పోతుందన్నారు. ఆమెకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఫోన్ పెట్టెతో పంపితే దారిలో ఆరిపోతుంది. ఇక్కడ ఉంచితే నా వేలు వచ్చేదాకా ఆరకుండా చూడాలి, వేలు వస్తుందో రాదో నేను చెప్పలేను. వెనకాల ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తోంది. ఆమెది వినిపించలేదు.

"పంపకు. నీ దగ్గరనే ఉంచు. తెరిసినంక పంపు," అంది.

తమ్ముడి సామాన్ల జాబితాలోంచి ఫోన్ తీసేయడానికి క్యాంపు బాసు కాగితం రాసి నన్ను వేలు వేయమన్నాడు. సిరాలో ముంచి వేశాను. నీలం మరక పడింది, అందులో ఒక్క గీత లేదు. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, కాగితం మడిచి పెట్టుకున్నాడు. పెట్టె పోయింది. నన్ను వెంట పంపమని అడగలేదు. అడిగినా పనుల తొందరలో పంపేవాళ్లు కాదు.

ఆ నెలన్నర నాకు రెండే పనులు. ఫోన్ ఆరకుండా చూడటం, వేలు కాపాడటం.

ఫోర్‌మన్‌ను డ్యూటీ మార్చమని అడిగాను. బొటనవేలు కోసం అని చెప్పాను. అతను బీహార్ మనిషి, చెడ్డవాడు కాదు. అందరికీ బొటనవేలుంది, యల్లా, నడు నడు అన్నాడు. అందుకని రొట్టె ప్యాకెట్టు కవరు చింపి వేలికి చుట్టి, పైన టేపు వేసి, పైన తొడుగు వేసుకుని, బొటనవేలు పిడికిట్లో దాచి కుడి చేత్తో రుద్దేవాణ్ని. సాయంత్రం విప్పి కొబ్బరినూనె రాసేవాణ్ని. గదిలో వాళ్లకు ఇదొక వేడుక అయింది. రోజూ ఒకడు వచ్చి వేలు చూసేవాడు. పెద్దన్నా, మొలకొచ్చిందా అని ఒకడు. వాన పడాలె అని ఇంకొకడు. వాళ్ల నవ్వులో కూడా తమ్ముడి మంచం వైపు చూపు పోయేది. ఆ మంచానికి ఇంకా ఎవర్నీ వేయలేదు.

ఫోన్ పగలు నాతో రాకూడదు. నీళ్లు, యాసిడ్. గదిలో ఛార్జికి పెట్టి పోయేవాణ్ని. క్యాంపులో కరెంటు పోతుందేమోనని పని మీద మనసుండేది కాదు. అయితే దానికి బ్యాటరీ పెద్దది. రెండు రోజులు ఆగేది. తమ్ముడు అది చూసే కొన్నాడు. ఒకసారి వైరు లోపల తెగింది. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌కు పోతే కొత్త రకం పిన్ను వైర్లే ఉన్నాయి. ఈ మోడల్ బంద్ అయిందన్నాడు మలయాళీ. దాని డబ్బాలు తీసేసి, ఆ అద్దాల అరలో కొత్తది పెట్టాడు, ఇంకా పెద్ద బ్యాటరీ, ఇంకా తక్కువ ధర. మాది వచ్చి ఏడాది కూడా కాలేదు. మా గదిలో నేపాలీ అతని దగ్గర పాత వైరు దొరికింది. దాన్ని ఒక మూలకు వంచి పట్టుకుంటేనే ఛార్జి ఎక్కేది. అలా వంచి, కింద చెప్పు పెట్టి ఆనించేవాణ్ని.

ఆమె ప్రతి శుక్రవారం ఫోన్ చేసేది. ఫోన్ ఉన్నదా అని అడిగేది. ఉన్నదనేవాణ్ని. ఏలు ఎట్లున్నది అని అడిగేది. వస్తున్నదనేవాణ్ని. అంతే. ఆమె ఇంకేమీ అడగలేదు, నేనూ పిల్లల గురించి, తిండి గురించి అడగలేదు. అడగాల్సింది.

రోజూ పొద్దున గేటు దగ్గర టేపు విప్పి, తుడుచుకుని, మిషన్ మీద వేలు పెట్టి చూసేవాణ్ని. ఎర్ర లైటు. మళ్లీ టేపు. ఫోన్ మీద పెట్టేవాణ్ని కాదు, అలుగుతుందని చెప్పాడు కదా. పెద్దవాళ్లు వచ్చి చూసిపోయారు, యాసిడ్ పని తగ్గింది. తర్వాత ఒక పొద్దున వేలు పెట్టాను, పచ్చ లైటు వెలిగింది. టైంకీపర్ తల ఎత్తి కూడా చూడలేదు. నేను అక్కడే నిలబడిపోతే వెనకవాళ్లు తోశారు.

డ్రైవరుకు చెప్పాను. సాయంత్రం ఆఖరి ట్రిప్పు దింపి నేరుగా వస్తానన్నాడు. తెరవగానే మాటలన్నీ ఎక్కించడానికి చిన్న మెమరీ కార్డు ఒకటి కొని, నెల నుంచీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. నేను వచ్చేదాకా ముట్టుకోకు చాచా అని కూడా అన్నాడు.

డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడిగి, మంచం మీద ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. బస్సు రాలేదు. ఆగి ఉండాల్సింది. ఆగలేదు. వేలు పెట్టాను.

తెరుచుకుంది.

వెనక బొమ్మ తమ్ముడు పరిచిన నేల. స్టేషన్లోది, తడిగా మెరుస్తోంది. దాని మీద వరసలుగా బొమ్మలు. మాట నింపే బొమ్మ ఏదో నాకు తెలుసు, రెండో వరసలో మైకు బొమ్మ. దాని మీద వేలు పెట్టబోతుంటే తెర మధ్యలో తెల్ల డబ్బా ఒకటి వచ్చింది. అందులో ఏదో రాసి ఉంది. కింద రెండు మాటలు, ఎడమకొకటి, కుడికొకటి. మైకు బొమ్మ దాని కింద కప్పబడిపోయింది.

అలాంటి డబ్బాలు నా ఫోన్లోనూ వచ్చేవి. చదవలేనివాడికి ఒకటే మందు, కుడి వైపుది నొక్కితే పోతుంది. ఎప్పుడూ అదే చేశాను. నొక్కాను.

ఫోన్ నల్లబడింది. కంపెనీ గుర్తు వచ్చింది. కింద సన్నటి గీత ఒకటి మెల్లగా పాకుతోంది. నేను చూస్తూ కూర్చున్నాను. అదేదో మంచికే అనుకున్నాను. చాలాసేపు పాకింది. ఆగింది, మళ్లీ వెలిగింది. తొమ్మిది చుక్కలు వచ్చాయి.

డ్రైవరు వచ్చి చూశాడు. తన ఫోన్ కూడా ఆ కంపెనీదే. దాంట్లో ఆ డబ్బా తీసి చదివి చెప్పాడు. కంపెనీ ఉత్తగా కొత్త హంగులు పంపిందట, కెమెరాకేదో, బ్యాటరీకేదో. ఇంకో కంపెనీవాడు ఇచ్చాడు కాబట్టి వీళ్లూ ఇవ్వాలి. ఎక్కించుకోవాలంటే ఫోన్ ఒకసారి బంద్ అయి లేవాలి. ఎడమ వైపు మాటకు అర్థం తర్వాత అని. కుడి వైపు మాటకు ఇప్పుడే అని.

చుక్కల మీద ఏవో గీతలు గీసి చూశాం. ప్రతిసారీ ఇంకా ఎక్కువసేపు ఆగమనేది. ఆపేశాం. అతను కార్డు జేబులోంచి తీసి, చూసి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.

ఆ శుక్రవారం ఆమె ఫోన్ చేసింది. ఫోన్ ఉన్నదా అని అడిగింది. వేలు వచ్చిందని, తెరిచానని, నా తప్పు వల్లే మళ్లీ మూతపడిందని, ఇక తెరుచుకోదని చెప్పాను. సాకులు చెప్పలేదు. చదువు రాక నొక్కాను చెల్లె అన్నాను. తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాను.

"నువ్వు పక్క మంచంల ఉంటివి గద. ఏమన్న ఇన్నవా?" అంది.

విన్నాను. వినకూడదని అటు తిరిగినా చెవులు మూసుకోలేదు కదా. నిద్ర పట్టేలోపు వినిపించినవి కొన్ని ఉన్నాయి. అవి చెప్పాను. స్టేషన్లో మెట్ల కింద ఒక చోట టైలు వంకర పడితే రెండుసార్లు తీసి మళ్లీ పరిచిన సంగతి. నేపాలీ అతను వండిన పప్పు సంగతి. ఎక్కువగా ఫోన్ సంగతే. చెప్పినకొద్దీ అవి నాకే చాలా తక్కువగా కనిపించాయి. అన్ని శుక్రవారాల మాటలో నా దగ్గర మిగిలింది పిడికెడు. అందుకని చివర్లో ఒక మాట కలిపాను. నిన్ను తల్చుకుంటే కండ్లల్ల నీళ్లొస్తున్నయని చెప్పిండు చెల్లె అన్నాను.

"గా మాట ఆయనది గాదు," అంది వెంటనే. "ఇననిది చెప్పకు అన్నా. ఇన్నదే చెప్పు."

సిగ్గుపడ్డాను. అప్పటినుంచీ ఆమె శుక్రవారం ఫోన్ చేస్తే విన్నదే చెప్పాను. ఒక్కోసారి కొత్తది ఒకటి గుర్తొచ్చేది. ఒక్కోసారి అంతకుముందు చెప్పింది మరిచిపోయేవాణ్ని, ఆమే అందించేది. ఇలా అయితే మొత్తం పోతుందని భయం వేసింది. డ్రైవర్ని అడిగాను, రాయడం నేర్పమని. పారేసిన ఫోన్ డబ్బాల అట్టలు చింపి, వెనక తెల్లటి వైపు అక్షరాలు రాసి ఇచ్చాడు. క్యాంపులో ఆ అట్టలకు కరువు లేదు, ప్రతి నెలా ఎవడో ఒకడు కొత్త ఫోన్ కొనేవాడు. అ, ఆ లు ముందు రాలేదు నాకు. తమ్ముడి మాటల్లో కావలసిన అక్షరాలు ముందు వచ్చాయి. ఇంగ్లీషులో రెండు మాటలు కూడా రాయించుకున్నాను, ఎడమ వైపుది, కుడి వైపుది. ఇప్పటికీ ఇంగ్లీషులో నాకు చదవడం వచ్చింది ఆ రెండే.

ఆటలు మొదలవకముందే మమ్మల్ని పంపించేశారు, పని అయిపోయింది కదా. దిగిన మూడో రోజు వాళ్ల ఊరికి పోయాను. ఆమె దండం పెట్టింది, నీళ్లిచ్చింది. ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. అంతవరకు దాన్ని ఆరనివ్వలేదు. ఎందుకంటే చెప్పలేను, అలవాటైంది. ఆమె దాన్ని రెండు చేతుల్లో తిప్పి చూసింది. ఇన్ని నెలలు ధర విన్న వస్తువును మొదటిసారి చూస్తోంది. ఇప్పుడు దాన్ని ఉత్తగా ఇచ్చినా ఎవరూ తీసుకోరు. గోడ దగ్గర ప్లగ్గు చూసి ఛార్జికి పెట్టింది. వైరు ఎలా వంచాలో చూపించాను.

తర్వాత, తమ్ముడి మాటలు రాసిపెట్టుకున్న నోటుబుక్కు తీశాను. నాలుగు పేజీలే. ఆమెకు చదువు రాదు, నేనే చదివాను. టైలు సంగతి, పప్పు సంగతి. మూడో పేజీలో ఇది ఉంది. ఫోన్ కొన్న వారానికే దాని ధర ఇంకా దిగింది. వేసవంతా ఆగి ఆగి, ఒక్క వారం ఆగలేకపోయినందుకు తమ్ముడు ఆ శుక్రవారం దుప్పటి వెనక నుంచి ఆమెకు చెప్పుకున్నాడు. నేను విన్నది విన్నట్టు రాశాను.

"మల్ల తగ్గిందే. ఎవ్వరికి చెప్పకు. పెద్దన్నకు గూడ చెప్పలే. నువ్వు తిడ్తవని ఎర్కే. ఇంటికొచ్చినంక తిట్టు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో మరేమిటో నాకు కనిపించలేదు.

"ఇది ఆయనదే," అంది. "మల్ల సదువు అన్నా."

మళ్లీ చదివాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాణ్ని కాబట్టి చాలాసేపు పట్టింది. ఆమె తొందరపెట్టలేదు.